తెల్ల దిష్‌దాషాల వెంట కల్బా సరిహద్దుకి

దుబాయ్ వెళ్ళొచ్చానంటే మా తాడితోట బట్టల సందులో అందరూ అడిగేవి రెండే ప్రశ్నలు. బంగారం ఎంత తెచ్చావు, ఆ ఎత్తు మేడ ఎక్కావా అని. బంగారం తేలేదు. మేడని కారులోంచి చూశాను, మెడ పట్టేసింది. నేను చూసొచ్చింది వేరే. అది చెప్పబోతే ఎవరికీ తీరిక లేదు కాబట్టి ఇలా రాస్తున్నాను.

నేను రాజమండ్రిలో నైటీలు కుట్టించి అమ్ముతాను. చిన్న షెడ్డు, కొన్ని మిషన్లు, పొద్దస్తమానం అరిచే నేను. ఏ ఊరెళ్ళినా కోటలూ గుళ్ళూ తర్వాత, ముందు అక్కడ బట్ట ఎవరు కుడుతున్నారో చూడాలి నాకు. మా ఆయన దీన్ని రోగం అంటారు. మొన్న చలికాలం మా తమ్ముడు కిషోర్ టిక్కెట్టు కొని షార్జా రమ్మంటే ఆ రోగాన్ని కూడా వెంటబెట్టుకునే వెళ్ళాను.

షార్జా: తమ్ముడి లిస్టు

కిషోర్ అక్కడ ఒక ఓడల కంపెనీలో లెక్కలు చూస్తాడు. నాకు చూపించాల్సినవన్నీ ముందే అనుకుని ఉంచాడు. ఎడారి సవారీ, మాల్, నీళ్ళు ఎగిరే ఫౌంటెన్, మళ్ళీ ఇంకో మాల్.

"సత్యవతి ఫ్యాక్టరీ ఎప్పుడు?" అన్నాను.

"అక్కా, లోకమంతా మాల్స్ చూడ్డానికొస్తారు. నువ్వు ఇంట్లో చూసే మిషన్లే ఇక్కడికొచ్చి చూస్తానంటావేంటే?"

"మాల్లో ఉన్న బట్ట ఎక్కడో కుడితేనే కదరా అక్కడికొచ్చింది."

మరదలు నవ్వుతూ నా వైపు చేరింది. కిషోర్ ఓడిపోయాడు.

సత్యవతి మాకు కొత్త మనిషి కాదు. రాజోలు పిల్ల. పెళ్ళయిన కొత్తలో నా షెడ్డులో కాజాలు కుట్టేది. తర్వాత కువైట్ వెళ్ళి చాలా ఏళ్ళు ఇంటిపని చేసింది. కరోనా వెళ్ళాక ఒక ఏజెంటు ద్వారా అజ్మాన్‌లోని బట్టల ఫ్యాక్టరీకి వచ్చింది. కుట్టే చెయ్యి కాబట్టి తొందరగానే ఒక లైన్ మొత్తానికి సూపర్‌వైజర్ అయింది. లైన్ అంటే వరసగా మిషన్లు. ఒకరు చెయ్యి అతికిస్తే పక్కావిడ మెడ, ఆ పక్కావిడ అంచు.

అజ్మాన్: గేటు లోపల వేరే దేశం

ఫ్యాక్టరీ ఫ్రీ జోన్‌లో ఉంది. కంచె, గేటు, గేటు దగ్గర కస్టమ్స్. లెక్క ప్రకారం కంచె లోపల ఉన్నది ఈ దేశం కానట్టే. లోపలికి వచ్చే సరుకుకి పన్ను లేదు. పరాయి దేశం వాడైనా మొత్తం ఫ్యాక్టరీకి తానే యజమానిగా ఉండొచ్చు, స్థానికుడెవరినీ వాటాదారుగా పెట్టుకోనక్కర్లేదు. సరుకు గేటు దాటి బయటికొస్తే మాత్రం దిగుమతి కింద లెక్క. కిషోర్ ఇది మూడుసార్లు చెప్తే గానీ నా బుర్రకెక్కలేదు.

యజమాని టర్కీ ఆయన. అందరూ ముదీర్ అంటారు, అంటే మేనేజరు. తెల్లగా, పొడుగ్గా, ఎప్పుడూ తొందరలో ఉండే మనిషి. నేనూ ఇదే వ్యాపారంలో ఉన్నానని సత్యవతి చెబితే చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని తలవంచాడు. నా షెడ్డు ఎంతుంటుందో ఆవిడ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

లోపల ఏసీ చల్లగా ఉంది. బట్ట చైనాది, దారం మన దేశానిది, గుండీలు ఇంకెక్కడివో. కుట్టేవాళ్ళు మన గోదావరి ఆడవాళ్ళు, నేపాలీలు, శ్రీలంక వాళ్ళు. తొడుక్కునేది ఒమాన్ మగవాళ్ళు. చివర్లో మెడ కింద ట్యాగు చూస్తే మేడ్ ఇన్ యు.ఎ.ఇ.

"ఇందులో ఈ దేశానిది ఏముందే?" అన్నాను.

సత్యవతి ఆలోచించింది. "ఏసీ అండి. ఏసీ మట్టుకు ఈల్లదే."

నేనక్కడికి వెళ్ళేసరికి ఆమె లైన్ మీద తెల్ల దిష్‌దాషాలు నడుస్తున్నాయి. దిష్‌దాషా అంటే అరబ్బు మగవాళ్ళు వేసుకునే మెడ నుంచి మడమ దాకా ఉండే అంగీ. నాకు అన్నీ ఒకేలా కనిపించాయి. సత్యవతి మెడ దగ్గర చూపించింది. దుబాయ్ వాళ్ళకి కుచ్చు పొడుగ్గా మధ్యలో వేలాడాలి. ఒమాన్ వాళ్ళకి పొట్టిగా, కాస్త పక్కకి ఉండాలి. సౌదీ వాళ్ళకి కుచ్చే ఉండదు, కాలరుంటుంది. మన దగ్గర పంచెకట్టు చూసి ఏ జిల్లావాడో చెప్పేవాళ్ళు ఉండేవారు కదా, అలాంటిదే.

ఈ తెల్ల ఆర్డరు ఆమెకి కొత్త. ఇన్నాళ్ళూ ఆ లైన్ కూలీలు వేసుకునే, చొక్కా ప్యాంటూ ఒకటిగా ఉండే ముదురు నీలం కవరాల్స్ కుట్టేది. వాటిని వేరే చోట ఇంకా చౌకగా కుడుతున్నారట, ఆర్డర్లు ఆగిపోయాయి. ఒమాన్‌లోని సొహార్ నుంచి సాలిం అనే బట్టల వ్యాపారి ఈ దిష్‌దాషాలు ప్రయత్నంగా కొద్దిగా అడిగాడు. నచ్చితే ఏడాది పొడుగునా ఇస్తాడు. నచ్చకపోతే ముదీర్ ఈ లైన్ మూసేస్తానని ముందే చెప్పాడు. లైన్ మూస్తే వీసా క్యాన్సిల్.

బయటికొచ్చేటప్పుడు ఒక తమాషా జరిగింది. సత్యవతికని నేను రెండు నైటీలు తీసుకెళ్ళాను. లోపలికి ఎవరూ ఆపలేదు. సాయంత్రం ఆవిడ వాటిని చంకలో పెట్టుకుని బయటికొస్తుంటే గేటు దగ్గర నేపాలీ గార్డు పట్టుకున్నాడు. కొత్త బట్ట, ట్యాగు ఉంది, పేపర్ ఏదీ అన్నాడు. రాజమండ్రి నైటీ అని నేను తెలుగులో ఎంత అరిచినా లాభం లేకపోయింది. సత్యవతి లోపలికెళ్ళి రెండు నైటీలూ పంజాబీ డ్రెస్సు మీద ఒకదాని మీద ఒకటి తొడుక్కుని వచ్చింది. గార్డు నవ్వాపుకోలేక తలుపు తీశాడు.

ఆమె గది

ఆ రాత్రి వాళ్ళ గదిలో భోజనం. అజ్మాన్‌లో అద్దెలు తక్కువని కంపెనీలు అక్కడే ఇళ్ళు తీసుకుంటాయి. గదికి నలుగురు, రెండంతస్తుల మంచాలు. మెత్తళ్ళ పులుసు చేశారు. అన్నం అయిపోతే ఖుబూస్ అనే రొట్టె తెచ్చి పులుసులో ముంచారు. బాగానే ఉంది కానీ ఇంట్లో చేస్తే మా ఆయన తినరు. ఖుబూస్ ప్యాకెట్ రెండు మూడు దిర్హమ్‌లే, మనకి ఒక పూట టిఫిను ఖరీదు. చేపలు మాత్రం మన కంటే చౌక కాదు.

"ఆర్డరు పోతే ఇంటికి రావచ్చు కదే. నా షెడ్డు ఉంది" అన్నాను. మంచి మాటే అన్నాననుకున్నాను.

సత్యవతి కంచం పక్కన పెట్టింది. "కోప్పడకండక్కా. కువైట్లో ఏల్లకేల్లు వంటింట్లో పడుకున్నానండి. ఆల్లు పిలిత్తే లేవాలి, పిలవకపోయినా కూకోకూడదు. ఇక్కడ నాకో కుర్చీ ఉందండి. నేను చెప్తే లైన్ ఆగుద్ది, నేను చెప్తే కదులుద్ది. ఇది పోతే ఇక్కడ ఇంకో ఫ్యాక్టరీ నన్ను సూపర్‌వైజరుగా తీసుకోదు, సదువు లేదు కదా. మల్లీ ఇంటిపనే. అది నా వల్ల కాదండి."

నా షెడ్డులో ఆవిడకి కుర్చీ ఉందా అని నేను ఆలోచించాను. నా షెడ్డులో ఉన్నది ఒక్క కుర్చీ, దాంట్లో నేను కూర్చుంటాను.

సజ్జా దారిలో

సరుకు తయారయ్యాక సాలిం కల్బా దాకా వస్తానన్నాడు. కల్బా ఈ దేశం చివరి ఊళ్ళలో ఒకటి, సముద్రం ఒడ్డున, దాటితే ఒమాన్. అక్కడ సరుకు చూసుకుని, నచ్చితే తన పికప్‌లో ఎక్కించుకుని సరిహద్దు దాటిస్తాడు. కొలతల్లో ఏదైనా మాట వస్తే సమాధానం చెప్పడానికి సత్యవతిని పంపుతున్నాడు ముదీర్. నేనూ వస్తానని అడిగాను. సత్యవతి సిగ్గుపడిపోయింది కానీ ముదీర్ గడియారం చూసుకుని, "యల్లా, యల్లా" అనేశాడు, అంటే పదండి పదండి అని.

వ్యాను డ్రైవర్ గుల్ ఖాన్, పెషావర్ వైపు మనిషి. నన్ను బెహన్‌జీ అంటూ దారిపొడుగునా బాదంపప్పులిచ్చాడు. నా హిందీ దూరదర్శన్ హిందీ, ఆయనది పఠాన్ హిందీ. ఇద్దరికీ సగం సగం అర్థమైంది, దానితోనే బోలెడు కబుర్లు చెప్పుకున్నాం.

సజ్జాలో టీకి ఆగాం. రోడ్డుకి రెండు వైపులా ఫ్యాక్టరీలు, సిమెంటు, ఇనుము, అట్టపెట్టెలు, వాటి వెనక కూలీల క్యాంపులు. టీ దిర్హమ్, పాలు మరిగి మరిగి చిక్కబడి, ఏలకులు వేసి ఇచ్చారు. క్యాంపు మేడ మీద తీగెల నిండా నీలం కవరాల్స్ ఆరుతున్నాయి.

సత్యవతి టీ తాగడం ఆపి చూసింది. "మావేనండి. ఆ జేబు చూడండి, అది మా జేబే." మెడ చాపి ఇంకో తీగె చూసింది. "అయి కావు."

మసాఫీ: పేరుకే శుక్రవారం

ధైద్ దాటాక ఇసుక పోయి కొండలు వచ్చాయి. చెట్టన్నది లేదు, బోడిగా, బెల్లం రంగులో ఉన్నాయి. మసాఫీ దగ్గర రోడ్డు పక్కన బజారుంది. శుక్రవారం సంత అని పేరు, అన్ని రోజులూ తెరిచే ఉంటుంది. తివాచీలు, కుండలు, పళ్ళు, ప్లాస్టిక్ బొమ్మలు. తివాచీ ఇక్కడిదేనా అని అడిగితే కుర్రాడు నిజాయితీగా, "అంతా బయటినుంచే, మేడం" అన్నాడు. కాల్చిన మొక్కజొన్న పొత్తుకి ఐదు దిర్హమ్‌లన్నాడు. నేను మూడన్నాను. ఇంత దూరం వచ్చి పొత్తుల దగ్గర బేరమేంటని సత్యవతి చెయ్యి లాగింది. నాలుగుకి ఇచ్చాడు. గుల్ ఖాన్ చప్పట్లు కొట్టాడు.

ఆ తర్వాత సత్యవతి వెనక్కి తిరిగి వ్యానులో ఉన్న సరుకు పెట్టెల కేసి చూస్తూ కూర్చుంది. నాకూ గుండె దడ మొదలైంది. ఎవరి ఆర్డరో అయితే నాకెందుకు దడ అంటే చెప్పలేను. కుట్టిన సరుకు కొనేవాడి చేతిలోకి వెళ్ళే ఆ కాసేపు ఎంత పెద్ద ఫ్యాక్టరీకైనా నా షెడ్డుకైనా ఒకటే.

కల్బా: మరక

సరిహద్దుకి కాస్త ఇవతల ఒక కఫెటేరియా ముందు సాలిం ఎదురుచూస్తున్నాడు. అరవై దాటిన మనిషి, నెత్తిన రంగురంగుల కుట్టుపని టోపీ. దగ్గరికి వస్తే అత్తరు వాసన. కొట్లో ఎప్పట్నుంచో మలయాళీలూ మనవాళ్ళూ పనిచేయడంతో హిందీ బాగానే వచ్చు.

ఈ వ్యాపారంలో ఒక పద్ధతుంది. లైన్ మీద కుట్టిన మొట్టమొదటి బట్టని విడిగా తీసి, సంచిలో పెట్టి ముద్ర వేసి సరుకుతో పాటు పంపుతారు. కొనేవాడు ముందు దాన్ని చూస్తాడు. మిగతావన్నీ దానిలా ఉన్నాయా లేదా అన్నది తర్వాత మాట.

సాలిం ముద్ర తెంపి ఆ మొదటి దిష్‌దాషాని వ్యాను వెనక పరిచిన దుప్పటి మీద వేశాడు. కుచ్చు పట్టుకు చూశాడు, తల ఊపాడు. మెడ కుట్టు చూశాడు, తల ఊపాడు. లోపలివైపు తిప్పి పక్క కుట్టు వెంట వేళ్ళు జరుపుకుంటూ కిందికొచ్చాడు. అంచు మూల దగ్గర వేలు ఆగింది.

గోరంత మరక. ఎర్రగా, ఎండిపోయి ఉంది.

"దమ్?" అన్నాడు.

గుల్ ఖాన్ మొహం మాడిపోయింది. నెత్తురా అని అడుగుతున్నాడని నాకు చెప్పాడు. సాలిం బట్టని వదిలేసి చేతులు వెనక్కి తీసుకున్నాడు. కోపంగా అనలేదు, నెమ్మదిగానే అన్నాడు. ఇవి వేసుకుని జనం నమాజు చేస్తారు. ఎవరి వేలో తెగి ఉంటుంది, తెగడం తప్పు కాదు. కానీ మొదటి బట్టే ఇలా వస్తే పెట్టెల్లో ఉన్నవాటిని నేనెలా నమ్మను?

సత్యవతి వంగి ఆ మూల చూసింది. చూడగానే రెండు చేతులతో నోరు మూసుకుంది.

"అక్కా, నేనేనండి. అది నా పసుపండి."

నాకు అంతా అర్థమైపోయింది. మన దగ్గర కొత్త బట్టకి మూల పసుపు పెట్టకుండా ఎవరైనా కడతారా? నా షెడ్డులో కూడా కొత్త రకం మొదలెడితే మొదటి నైటీ అంచుకి నేనే పెడతాను. ఆవిడ ఇన్నాళ్ళూ ప్రతి ఆర్డరులో మొదటి బట్టకి లోపలివైపు పెడుతూనే ఉంది. ముదురు నీలం మీద ఎవరికి కనిపిస్తుంది? ఇది మొదటిసారి తెల్ల బట్ట. చెయ్యి అలవాటు చెయ్యి చేసేసింది.

"మరి ఎరుపేమిటే?"

"గ్రేస్ అండి. సరుకు చూసే ఫిలిప్పీన్ అమ్మాయి. పసుపచ్చగా మరకుందని మరకలు తీసే మందు కొట్టి ఉంటది. మందులో సబ్బుంటది కదండీ."

పసుపుకి సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. ఇది మనకి తెలుసు. సొహార్ బట్టల వ్యాపారికి ఎలా నిరూపించడం? సత్యవతి హిందీలో హల్దీ, హల్దీ అంటోంది. ఆయన మర్యాదగా వింటున్నాడు కానీ మొహంలో నమ్మకం లేదు. తప్పు బయటపడ్డాక ఎవరైనా ఏదో ఒకటి చెప్తారు కదా, ఆ చూపు.

నేను కఫెటేరియాలోకి పరిగెత్తాను. నా వయసుకి అది పరుగే. "లెమన్, లెమన్!" అని అరిస్తే టీ పెట్టే మలయాళీ అతను భయపడి కోసిన చెక్క చేతిలో పెట్టాడు. డబ్బులు కూడా ఇవ్వలేదు. వచ్చి సాలిం కళ్ళెదురుగా ఆ మరక మీద పిండాను. లోపల మాత్రం దేవుళ్ళందరికీ మొక్కేశాను, మందులో ఇంకేం కలిసిందో ఎవరికి తెలుసు?

ఎరుపు పోయి పసుపుపచ్చ తేలింది.

సాలిం వంగాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "కుర్కుమ్" అన్నాడు. వాళ్ళ భాషలో పసుపు. ఆయన భుజాలు దిగాయి. అయినా నవ్వలేదు, సత్యవతి కేసి చూసి ఎందుకు పెట్టావని అడిగాడు.

సత్యవతి తన హిందీలో తడబడుతూ చెప్పింది. కొత్త బట్ట కట్టుకునే మనిషి చల్లగా ఉండాలని.

"ఏ మనిషి? ఇది ఎవరు కొంటారో నాకే తెలియదు."

"ఎవరైనా గానీ" అంది.

"పెట్టమని ముదీర్ చెప్పాడా?"

"ఎవలూ చెప్పలేదు." తర్వాత నా వైపు తిరిగి తెలుగులో అంది, "పెట్టకపోతే చెయ్యి ఊరుకోదని ఈయనకెట్టా చెప్పనక్కా?"

సాలిం పెట్టెలన్నీ విప్పించాడు. ఒక్కొక్కటీ తిరగేసి చూశాడు. టీలు వచ్చాయి, చల్లారాయి, మళ్ళీ వచ్చాయి. అన్నీ తెల్లగా ఉన్నాయి. చివరికి పికప్‌లో ఎక్కించమని గుల్ ఖాన్‌కి సైగ చేశాడు. మరకున్నదాన్ని పక్కన పెట్టబోతే ఆపి, దాన్నీ మడిచి సీటు మీద పెట్టుకున్నాడు. కాగితంలో ఎన్ని రాస్తే అన్నీ సరిహద్దు గేటు దాటాలట, ఒకటి తగ్గితే మళ్ళీ తంటా.

"ఆర్డరు ఇస్తాను. కానీ నా బట్ట మీద ఇక పసుపు వద్దు" అన్నాడు. సత్యవతి తల ఊపింది. "ముదీర్‌కి నేనేమీ చెప్పను. ఇది ఇక్కడితో ఖలాస్" అన్నాడు సాలిం.

పికప్ వరసలో నిలబడి, గేటు దగ్గర ఆగి, దాటింది. అది కొండ మలుపు తిరిగేదాకా సత్యవతి కూర్చోలేదు.

ఫోను

ఆనందపడాల్సిన సమయం. నేను చేపల వేపుడు తెప్పించాను. కల్బా చేప బాగుంటుందని అందరూ చెప్పారు, నిజమే. సత్యవతి ముట్టలేదు.

"మరక మీద మందు కొట్టింది గ్రేస్. తరవాతెప్పుడో సాలిం నోటెంట వత్తే ఆ పిల్లే ఇరుక్కుంటదండి. మరక తియ్యలేదని, పుస్తకంలో రాసి పెట్టలేదని" అంది.

"సాలిం చెప్పనన్నాడుగా."

"చెప్పడండి. అయినా నాది కదా."

"ముదీర్‌కి ఇప్పుడు చెప్తే కుర్చీ పోవచ్చే. ఆర్డరు రావడం వేరు, సూపర్‌వైజరుగా నిన్ను ఉంచడం వేరు."

"తెలుసండి" అని ఫోను తీసింది. వద్దని చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకుంది.

స్పీకర్లో పెట్టింది. ముందు ఆర్డరు వచ్చిందని చెప్పింది. ముదీర్ గట్టిగా ఏదో సంతోషపు కేక వేశాడు. తర్వాత, "సార్, శాంపిల్‌కి మరక. గ్రేస్ కాదు. నేను పెట్టాను" అని మొదలుపెట్టి, పసుపు, సబ్బు, నిమ్మకాయ అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేసింది. ఆయన అరిచాడు. టర్కీ భాషలో కొంత, ఇంగ్లీషులో కొంత. తెల్ల లైన్‌ని నీకెలా అప్పగించను, చెప్పు, ఎలా అప్పగించను అని. సత్యవతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి కానీ ఫోను దించలేదు. ఆయన అరుపు అయ్యేదాకా ఉండి, లైన్‌లో ఆడవాళ్ళతో మాట్లాడే గొంతుతో అంది.

"సార్, రేపటి నుంచి మొదటి పీస్ రెండు కుడతాం. ఒకటి సాలింకి, తెల్లగా. ఒకటి మాకు."

"మీకెందుకు?"

"పసుపుకి సార్."

అటువైపు మిషన్ల చప్పుడు వినపడుతోంది. తర్వాత ముదీర్ ఒక్కటే అడిగాడు, ఆ రెండోదానికి బట్ట ఎంత పడుతుందని.

సత్యవతి చెప్పింది. ఫోను పెట్టేసి, చల్లారిపోయిన చేప పళ్ళెం ముందుకి లాక్కుంది.